డాక్టర్ గిలటిన్ ఆ కత్తి కింద చనిపోలేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మనుషుల పేర్ల నుంచి పుట్టిన మాటల మీద రెండు ఆదివారాల కింద మీ అనుబంధంలో అరపేజీ వేశారు. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను, వేయలేదు. ఫోన్ చేస్తే "సరదాకి వేసిందండీ, చిన్న విషయమే కదా" అన్నారు. నాకు చిన్నదిగా అనిపించలేదు.

ఫ్రాన్స్‌లో తలలు నరకడానికి వాడిన గిలటిన్ యంత్రాన్ని డాక్టర్ గిలటిన్ కనిపెట్టాడనీ, చివరికి దానికే తల అప్పగించాడనీ రాశారు. ఆయన దాన్ని కనిపెట్టనూ లేదు, దాని కింద చనిపోనూ లేదు. అసలు మరణశిక్షే వద్దన్న మనిషి. ఎలాగూ తప్పనప్పుడు గొప్పవాడికో తీరు, పేదవాడికో తీరు కాకుండా, చిత్రహింస లేకుండా అందరికీ ఒకేలా అమలు చేయమని 1789లో ఫ్రాన్స్ జాతీయ సభను అడిగాడు. యంత్రానికి రూపం ఇచ్చింది ఆంత్వాన్ లూయీ అనే శస్త్రవైద్యుడు. తయారుచేసింది టోబియాస్ ష్మిట్ అనే వాద్యాల పనివాడు. 1792 ఏప్రిల్‌లో అది పని మొదలుపెట్టినప్పుడు కొందరు లూయీ పేరుతో లూయిజెట్ అని కూడా పిలిచారు. చివరికి నింద గిలటిన్ మీద పడింది. ఆయన 1814లో జబ్బు చేసి పోయాడు. ప్రాణం తీయడం ఇష్టంలేని మనిషి పేరు రెండు శతాబ్దాలుగా తలలు నరికే కత్తికి అంటుకుని ఉంది. అది చాలదా? పైన ఇంకో అబద్ధం మనం కూడా వేయాలా?

అదే పేజీలో ఆవిరి యంత్రాన్ని జేమ్స్ వాట్ కనిపెట్టాడని ఉంది. థామస్ న్యూకమెన్ అనే ఆయన చేసిన ఆవిరి యంత్రం 1712లోనే వచ్చింది. వాట్ పుట్టిందే 1736లో! ఆ యంత్రం నమూనా ఒకటి మరమ్మతుకు వస్తే, సిలిండర్‌ని ప్రతిసారీ చల్లార్చి మళ్లీ వేడెక్కించడంలో ఆవిరి వృథా అవుతోందని ఆయన పట్టుకున్నాడు. ఆవిరిని చల్లార్చడానికి వేరే గది పెట్టాడు. 1769లో పేటెంట్ వచ్చింది దానికే. ఇంత మంచి సంగతి వదిలేసి, ఆయనది కాని ఘనత కట్టబెట్టడం దేనికి?

తప్పంతా మీదే అనను. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లూ అంతే. మొన్న మా మనవరాలు బల్బు అట్టపెట్టె పట్టుకొచ్చి, "తాతయ్యా, మీటర్‌కి చిన్న ఎమ్ రాస్తాం కదా, వాట్‌కి పెద్ద డబ్ల్యూ ఎందుకు?" అంది. ప్రమాణానికి మనిషి పేరు పెడితే దాని గుర్తు పెద్దక్షరంతో మొదలవుతుందమ్మా అని చెప్పాను. వోల్టా, ఆంపియర్, న్యూటన్, కెల్విన్... పేరు చెప్పిన ప్రతిసారీ దాని కళ్లు పెద్దవయ్యాయి. ఎనిమిదో తరగతి పిల్లకి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు. తెలుగులో మీటర్, వోల్ట్ పక్కపక్కన రాస్తే ఏది మనిషి పేరో తెలిసే దారే లేదు. కనీసం తెలుగు పుస్తకంలో ఒక్క వాక్యం రాయాలి. రాయరు. పరీక్షకి బిట్లు బట్టీ పట్టించడం తప్ప కమిటీల్లో కూర్చున్నవాళ్లకి ఏదీ పట్టదు.

శల్యసారథ్యం, భగీరథ ప్రయత్నం అన్నప్పుడు మనకి శల్యుడూ తెలుసు, భగీరథుడూ తెలుసు. కథ తెలుసు కాబట్టే ఆ మాటకి బలం. బాయ్‌కాట్ అనే మాట మీ పత్రికలో రోజూ వస్తుంది. 1880లో ఐర్లండ్ కౌలు రైతులు వెలివేసిన ఎస్టేట్ ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ గురించి ఆ అరపేజీలో ఒక్క ముక్క లేదు. వేడిని కొలిచే సెంటీగ్రేడ్‌కి సెల్సియస్ అనే శాస్త్రవేత్త పేరు 1948లోనే పెట్టారు. మీ వాతావరణ వార్తల్లో ఇంకా సెంటీగ్రేడే.

గిలటిన్, వాట్‌ల విషయంలో సవరణ అదే ఆదివారం అనుబంధంలో, అదే పేజీలో వేయండి. లోపలి పేజీ అడుగున వద్దు. ఆ అరపేజీని మా మనవరాలు కత్తిరించి స్కూల్ నోటుబుక్కులో అంటించుకుంది. సవరణ కూడా దాని పక్కనే అంటించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారు