పెరూ, బొలీవియా, చిలీ: టికెట్లు కొనేముందు చదవండి

మన ట్రిప్ దారి ఇలా అనుకుంటున్నా: లిమా, కుస్కో, పునో, టిటికాకా సరస్సు ఒడ్డున కోపకబానా, లాపాజ్, ఉయుని, అక్కడి నుంచి 3 రోజులు జీపులో చిలీలోని శాన్ పెద్రోకి. సరిహద్దులు రోడ్డు మీదే దాటతాం కాబట్టి మధ్యలో ఫ్లైట్ ఖర్చుండదు, రాత్రి బస్సులెక్కితే గది అద్దె కూడా మిగులుతుంది. మధ్యాహ్నం మార్కెట్‌లో ‘మెనూ’ అంటే వేడి సూప్, తర్వాత అన్నం, చికెన్ ముక్క, చవకగా కడుపు నిండుతుంది. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తు, మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, అందుకే మొదటి రెండు రోజులు ఏమీ పెట్టుకోవద్దు, డబ్బు ఆదా అని ఈ రోజులు మాత్రం కోయొద్దు ప్లీజ్. ఎల్లో ఫీవర్ టీకా 10 రోజుల ముందే పడాలి, హైదరాబాద్ వాళ్లకి నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. చిలీ సరిహద్దులో మన దగ్గరున్న పండ్లు లాగేసుకుంటారు, ముందే తినేయండి. ఎవరి దగ్గర ఏ వీసా ఉందో ఆదివారంలోగా చెప్పండి.