మలుగుపాము వింత జీవి కాదు

సంపాదకులకు నమస్కారం.

గోదావరిలో మత్స్యకారుల వలకు 'వింత పాము చేప' చిక్కిందని గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఆ ఫొటోలో ఉన్నది మలుగుపాము, అంటే ఇంగ్లీషులో ఈల్ అనే, పాములా పొడవాటి చేప. లంకల్లో వల వేసే పెద్దవారిని ఎవరిని అడిగినా చెప్పేవారు. పైగా అది బొమ్మిడాయి జాతిదనీ, వరద బురదలో పుడుతుందనీ రాశారు. బొమ్మిడాయి మంచినీటిలోనే పుట్టి మంచినీటిలోనే గుడ్లు పెట్టే వేరే చేప. బురదలో పుడుతుందన్నది అరిస్టాటిల్ కాలం నాటి మాట, అది తప్పని తేలి నూరేళ్లు దాటింది.

మలుగుపాము పుట్టేది సముద్రంలో. దాని పిల్ల పారదర్శకంగా, ఆకులా పలచగా ఉంటుంది. తల్లి పోలిక ఏమాత్రం లేకపోవడంతో శాస్త్రజ్ఞులు చాలాకాలం దాన్ని వేరే చేప అనుకుని వేరే పేరుతో పిలిచారు. సముద్ర ప్రవాహాలతో కొట్టుకొచ్చిన ఆ పిల్ల తీరానికి చేరేసరికి సన్నని మలుగు రూపు దాలుస్తుంది, నదీముఖాల్లోంచి ఎదురీది ఏళ్లతరబడి మంచినీటిలో పెరుగుతుంది, మన నదుల్లోని జాతి మీటరు పొడవు కూడా దాటుతుంది. ఈడు వచ్చాక కళ్లు పెద్దవవుతాయి, పేగు కుంచించుకుపోతుంది. తిండి మానేసి, ఒంట్లో కూడబెట్టుకున్న కొవ్వుతోనే తిరిగి సముద్రానికి బయలుదేరి, అక్కడ ఒక్కసారి సంతానాన్ని కని చనిపోతుంది. పుస్తెలమ్మి అయినా తినాలని మనం చెప్పుకునే పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి వస్తే, మలుగు అందుకోసమే నది నుంచి సముద్రానికి పోతుంది.

ఐరోపా మలుగు పుట్టుచోటు కోసం డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ ష్మిత్ 1904 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు అట్లాంటిక్‌ను గాలించి, అంతకంతకు చిన్న పిల్లలు దొరికే దిక్కుగా సాగి సర్గాసో సముద్రాన్ని చేరుకున్నాడు. జపాన్ మలుగు గుడ్లు మొట్టమొదటిసారి సముద్రంలో దొరికింది 2009లో, పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా దీవుల పడమటి జలాల్లో. మన హిందూ మహాసముద్రపు మలుగుల విషయంలో మాత్రం సుమత్రా పడమటి సముద్రంలో పిల్లలు దొరికాయన్నంత వరకే శాస్త్రం చేరింది. ఇంత గొప్ప ప్రయాణం మన గడప ముందు నుంచే సాగుతుంటే దాన్ని వింతగా చూపించి వదిలేయడం బాధాకరం.

అసలు అడగవలసిన ప్రశ్న మీ వార్తలో లేనే లేదు. ఈ చేపకు పైకి పోయే దారీ, కిందికి దిగే దారీ రెండూ కావాలి. ధవళేశ్వరం దగ్గర 1852 నుంచి గోదావరికి అడ్డుకట్ట ఉంది. ఎగువన పోలవరంలో 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కడుతున్నారు. పొడవాటి శరీరమున్న మలుగులకు టర్బైన్ రెక్కలు ఎంత ప్రాణాంతకమో ఐరోపా నదుల్లో ఏనాడో తేలింది. పరిపక్వమైన మలుగుల్లో, మానవ ప్రమేయం లేకుంటే సముద్రానికి చేరే మొత్తంలో కనీసం 40 శాతమైనా చేరేలా ప్రణాళికలు వేయాలని ఐరోపా సమాఖ్య 2007లోనే చట్టం చేసింది. అక్కడ పిల్లలు ఎగబాకడానికి ఆనకట్టల పక్కన కుచ్చులు పరిచి సన్నగా నీరు జారవిడిచే వాలుదారులు కట్టారు. ఐర్లాండ్‌లో పెద్ద మలుగులను ఎగువన పట్టి, విద్యుత్ కేంద్రాన్ని దాటించి దిగువన వదులుతున్నారు.

మన దగ్గర మత్స్య సంపద అనగానే బొచ్చె, శీలావతి పిల్లలను జలాశయంలోకి వదులుతూ నాయకులు ఫొటోలు దిగడమే కనిపిస్తుంది. హేచరీలో కోట్ల పిల్లలను పుట్టించగల చేపలు అవి. మలుగు సంగతి అలా కాదు. జపాన్‌లో మలుగుల పెంపకం పెద్ద వ్యాపారమైనా ఈనాటికీ అక్కడి చెరువులకు ప్రధాన ఆధారం సముద్రం నుంచి వచ్చే పిల్లలే. అందువల్ల మన నదిలో మలుగు తరిగితే పిల్లలను వదిలి లోటు పూడ్చడం కుదరదు. ఓట్లకూ టెండర్లకూ పనికిరాని చేప గురించి ఏ శాఖా పట్టించుకోదన్న నా అనుమానాన్ని ఇన్నేళ్లలో ఎవరూ పోగొట్టలేదు.

ధవళేశ్వరం దగ్గర ఏటా ఎన్ని మలుగులు పైకి వెళుతున్నాయో, ఎన్ని దిగుతున్నాయో ఎవరైనా లెక్కిస్తున్నారా, పోలవరం టర్బైన్లు తిరిగాక వాటికి ఏ దారి చూపబోతున్నారు అని మీ విలేకరి మత్స్యశాఖనూ జలవనరుల శాఖనూ అడిగి, వారి జవాబును ఆ ఫొటో వేసిన పేజీలోనే ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం