మూడు రోజుల మౌనం, ఒక రాత్రి డీజే

ఎడిటర్ గారికి,

మాది కడప, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. పోయిన నెల మూడు రోజులు మౌన రిట్రీట్‌కు పోయి వచ్చాను. గేటు దగ్గరే ఫోన్ తీసి పెట్టుకున్నారు, ఇక ఎవరితోనూ మాట లేదు, సంగటిలోకి ఇంకాస్త పప్పు కావాలన్నా చేయి చూపించాల్సిందే. మొదటి రోజు నరకం, నిజం చెప్తున్నా. నోరు మూసుకోవడం సులభమే, లోపల ఆగని మాటలే టెన్షన్ పెట్టాయి: కరెంటు బిల్లు, పాప ఫీజు, అన్నతో రెండేళ్ల కిందటి గొడవ. రెండో రోజు సాయంత్రం వేపచెట్టు కింద కూర్చుంటే ఆ గొడవలో సగం తప్పు నాదేనని మొదటిసారి తోచింది. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్యాథలిక్ గురువు ఏర్పరచిన పద్ధతిలో పూర్తి ధ్యానం 30 రోజులు, అది నావల్ల కాదు.

రాయాల్సిన సంగతి ఇది. ఆ రాత్రే పక్క ఫంక్షన్ హాల్లో పన్నెండు దాటినా డీజే ఆగలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలుగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. వాళ్లను తిట్టుకుంటుంటే గుర్తొచ్చింది, మేము మాత్రం తక్కువా, డిసెంబర్ 31 రాత్రి వీధంతా వినబడేలా మైకు పెడతాం. బైబిల్లో ఏలీయా ప్రవక్తకు దేవుడు గాలిలోనో భూకంపంలోనో మంటలోనో కాదు, మెల్లని స్వరంలో వినిపించాడని చదివేదీ మేమే. బాక్సులు లోపలికి తిప్పిద్దామని పాస్టర్ అయ్యగారిని అడిగాను, చూద్దామన్నారు. హాళ్ల వాళ్లను పిలిచి పోలీసులు కూడా ఒకసారి గట్టిగా చెప్పాలి.

— ఒక పాఠకుడు, కడప