ముందు సీటు, తర్వాతే పరీక్ష

ఒరేయ్ మామా,

ఇక్కడ కెనడాలో జనం డబ్బును ఫండ్లలో, షేర్లలో పెట్టించే ఉద్యోగానికి ఏ పరీక్ష రాయాలని అడుగుతూ నువ్వు పెట్టిన మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఇలా కూర్చుని రాస్తున్నా. టొరంటోలో దిగి నెల కాలేదు, అప్పుడే నలుగురు నాలుగు పరీక్షల పేర్లు చెప్పి నీకు టెన్షన్ పెట్టేశారు. "సీఎస్‌సీ రాసెయ్, అన్నిటికీ పనికొస్తుంది" అన్నాడట మీ రూమ్మేట్, అంటే కెనడియన్ సెక్యూరిటీస్ కోర్సు. అతను రాసిన రోజుల్లో ఆ మాట చాలావరకు నిజమే. నువ్వు మాత్రం డబ్బు కట్టే ముందు కాస్త ఆగు.

నువ్వు ఏ సీట్లో కూర్చోవాలనుకుంటున్నావో ముందు తేల్చుకో. బ్యాంకు బ్రాంచిలో మ్యూచువల్ ఫండ్లు చూసే ఉద్యోగమైతే సీఎస్ఐ అనే శిక్షణ సంస్థ పెట్టే ఫండ్ల పరీక్ష ఐఎఫ్‌సీ చాలు, లేదా అలాంటిదే ఐఎఫ్ఎస్ఈ సంస్థ పెట్టే సీఐఎఫ్‌సీ. సీఎస్‌సీ కూడా చెల్లుతుంది కానీ, దానికి చదవాల్సింది చాలా ఎక్కువ. షేర్లు, బాండ్లు కొనిపెట్టే బ్రోకరేజ్ సంస్థ అయితే లెక్క మారిపోయింది. 2023లో బ్రోకర్లను చూసే ఐరోక్, ఫండ్ల డీలర్లను చూసే ఎంఎఫ్‌డీఏ అనే రెండు నియంత్రణ సంస్థలు కలిసి సైరో అయ్యాయి కదా, 2026 జనవరి 1 నుంచి ఆ సైరో తన పరీక్షలే పెడుతోంది. ముందు సీఐఆర్‌ఈ అనే తొలి పరీక్ష, మామూలు మదుపరులతో పని చేయాలంటే ఆ పైన ఆర్ఎస్ఈ అనే ఇంకోటి. సీఎస్‌సీ, దాంతోపాటు సీపీహెచ్ అనే వృత్తి నియమాల పరీక్ష రాసి లోపలికి వెళ్లే పాత దారి కొత్తగా వచ్చేవాళ్లకు లేదు. జీవిత బీమాకు ఎల్‌ఎల్‌క్యూపీ వేరే, దాన్ని ఇప్పుడు కలుపుకోకు.

ఇంకో మాట. పరీక్ష పాసైనంత మాత్రాన లైసెన్సు చేతికి రాదు. ఒక సంస్థ నిన్ను తీసుకుని, తన తరఫున నీ పేరు రిజిస్టర్ చేయించాలి. పాసైన పరీక్ష కూడా 36 నెలల్లోపు వాడుకోకపోతే సాధారణంగా పాతబడిపోతుంది. అందుకే చదువు, ఉద్యోగ వేట రెండూ ఒకేసారి నడవాలి.

ఇక ఎలా చదవాలో చెప్తా. సీఎస్‌సీ రెండో పేపర్లో నాకు 57 వచ్చాయి, పాస్ మార్కు 60. ఆ సాయంత్రం మిస్సిసాగాలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఏడుపొచ్చింది. బాండ్ ధరలు, ఆప్షన్ల లెక్కలు అన్నీ కంఠతా పట్టాను. క్లయింట్ గురించీ, పన్నుల గురించీ ఉన్న అధ్యాయాలను మాత్రం కథలా చదివి వదిలేశాను. మార్కులు పోయింది అక్కడే.

మన దగ్గర కేవైసీ అంటే ఆధార్, పాన్, ఫొటో. ఇక్కడ అది మనిషిని తెలుసుకోవడం: ఆదాయం, అప్పులు, డబ్బు ఎప్పుడు కావాలి, ఎంత నష్టం తట్టుకోగలరు. వచ్చే ఏడాది రిటైరయ్యే టీచరమ్మ, బావగారు చెప్పారని చిన్న కంపెనీల షేర్లు కొనమంటుంది. నువ్వేం చేస్తావు? "ఆవిడే అడిగింది కదా" అనే జవాబు చూడ్డానికి బాగుంటుంది కానీ తప్పు. క్లయింట్ మేలే ముందు చూడాలన్న నియమం 2021 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. నువ్వు హైదరాబాద్‌లో ఎన్ఐఎస్ఎం వాళ్ల ఫండ్ల పరీక్ష రాశావు కాబట్టి ఫండ్ల సంగతి నీకు కొత్త కాదు. ఈ కోణం మీదే ఎక్కువ రోజులు పెట్టు. రిటైర్మెంట్ పొదుపు ఖాతా ఆర్ఆర్ఎస్‌పీకీ, పన్ను లేని పొదుపు ఖాతా టీఎఫ్ఎస్ఏకీ తేడాని నీ సొంత జీతం మీద లెక్కేసి చూసుకో, ఇక మర్చిపోవు.

నా పాత పుస్తకాలు అడిగావు. అవి ఇవ్వను, కోపం తెచ్చుకోకు. షేరు కొన్నాక సెటిల్మెంట్‌కి, అంటే డబ్బు, షేరు చేతులు మారడానికి, రెండు రోజులని అందులో ఉంది. 2024 మే 27 నుంచి ఇక్కడ ఒక్క రోజే. అలాంటివి ఇంకెన్ని మారాయో వెతుక్కుంటూ చదవడం నీకెందుకు?

శనివారం మా ఇంటికొచ్చెయ్. వచ్చేటప్పుడు నీకు నచ్చిన ఉద్యోగ ప్రకటనలు ఓ పది ప్రింట్ తీసుకురా. వాళ్లు ఏ రిజిస్ట్రేషన్ అడుగుతున్నారో పెన్సిల్‌తో గీసుకుంటూ చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ ఫీజు కట్టకు.

నీ మామ