‘ఎడిట్ చేయని ఫొటోలే పంపండి’ అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పేజీల్లో మీరు వేసిన పాఠకుల ఫొటోల పోటీ ప్రకటన చూశాను. మంచి పని, ఇలాంటివి ఇంకా పెట్టాలి. కానీ నిబంధనలు చదువుతూ ఒకదాని దగ్గర ఆగిపోయాను: ఎడిట్ చేసిన ఫొటోలు తీసుకోరట, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే పంపాలట. ఈ ఒక్క వాక్యంతో నిజాయతీగా ఫొటోలు తీసేవాళ్లు చాలామంది బయటే ఉండిపోతారు, మీరు ఎవరిని ఆపాలనుకున్నారో వాళ్లు మాత్రం దర్జాగా లోపలికొచ్చేస్తారు. ఎలాగో చెప్తాను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, పేజీలో పట్టకపోతే కత్తిరించుకోండి, క్రాపింగ్ విషయంలో నాకు పట్టింపు లేదు.

నేను వాడేది చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేనిది, మైక్రో ఫోర్ థర్డ్స్ రకం. ఒలింపస్, పానసోనిక్ కలిసి 2008లో తెచ్చిన పద్ధతి ఇది. వెలుతురును పట్టే సెన్సర్ 17.3 × 13 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్‌కి (పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ అంత సెన్సర్‌కి) దాదాపు నాలుగో వంతు. దానికి పల్చటి 20 ఎంఎం లెన్స్ ఒకటి ఎప్పుడూ బిగించే ఉంటుంది, చిన్న సంచిలో పడేస్తే బరువే తెలియదు కాబట్టి రోజూ నా వెంటే ఉంటుంది. పెద్ద కెమెరా కొని బీరువాలో దాచుకునేవాళ్లను చూసి చూసి, వెంట ఉన్న కెమెరాయే కెమెరా అనుకుని ఇటు వచ్చాను. అద్దం తీసేయడం వల్లే ఇది ఇంత చిన్నదైంది. అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య అద్దం లేచి పడడానికి చోటు ఉండాలి కదా, నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల లెన్స్ బిగింపు అయిన ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 46.5 మి.మీ., మా దాంట్లో 19.25 మి.మీ.

అద్దంతో పాటు ఇంకొకటి కూడా పోయింది, అది ఎవరికీ పట్టలేదు. డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో కన్ను పెడితే లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురే నేరుగా కంటికి తగిలేది. మిర్రర్‌లెస్‌లో కనిపించేది చిన్న స్క్రీన్. సెన్సర్ పట్టినదానికి కెమెరా తనకు తోచిన వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల సర్దుబాటు) వేసి, కాంట్రాస్ట్ పెంచి, లెన్స్ వంకరలు కూడా సరిచేసి మనకి చూపిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ పెట్టుకుంటే వ్యూఫైండర్‌లో ఎదురుగా ఉన్నదంతా బ్లాక్ అండ్ వైటే, రా ఫైల్‌లో, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచిన ఫైల్‌లో మాత్రం రంగులన్నీ భద్రంగా ఉంటాయి. ఇప్పుడు చెప్పండి, బటన్ నొక్కకముందే ఎడిటింగ్ మొదలైపోయిన కెమెరాతో ‘వచ్చింది వచ్చినట్టు’ ఎక్కడి నుంచి తెచ్చేది?

వంకరలు అన్నాను కదా, అదేంటో కంటితో చూడాలంటే ఒక పని చేయండి. మీ ఫొటోగ్రాఫర్లలో ఎవరి దగ్గరైనా ఇలాంటి చిన్న కెమెరా ఉంటే, దాంతో వచ్చే జూమ్ లెన్స్‌ని వైడ్ వైపు పూర్తిగా తిప్పి, ద్వారబంధం ఫ్రేమ్ అంచుకి ఆనుకునేలా నిలబడి, జేపెగ్ (కెమెరా తయారుచేసి ఇచ్చే మామూలు ఫొటో ఫైల్), రా రెండూ వచ్చేలా ఒక ఫొటో తీయమనండి. జేపెగ్‌లో ద్వారబంధం నిటారుగా ఉంటుంది. అదే రా ఫైల్‌ని రాథెరపీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ కరెక్షన్ ఏదీ వేయకుండా తెరిస్తే ఆ నిలువు గీత నడుం దగ్గర బయటికి ఉబ్బి, పైనా కిందా లోపలికి వంగి కనిపిస్తుంది. పైగా జేపెగ్‌లో లేని గోడ ముక్క కూడా అంచుల్లో కొంచెం కనిపిస్తుంది, ఎందుకంటే వంపు సరిచేసేటప్పుడు కెమెరా అంచుల్ని కోసేస్తుంది. దీన్ని మోసం అనడానికి లేదు. లెన్స్ తయారుచేసేవాళ్లు కావాలనే అలా చేశారు, వంపునంతా గాజుతోనే సరిచేయాలంటే లెన్స్ పెద్దదవుతుంది, బరువెక్కుతుంది, అందుకే కొంత గాజుకి, కొంత సాఫ్ట్‌వేర్‌కి పంచారు. ఎంత సరిచేయాలో ఆ లెక్క రా ఫైల్‌లోనే రాసి ఉంటుంది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఈ రకం లెన్సులకు ఆ కరెక్షన్ ఆపుదామన్నా కుదరదు, తెరవగానే వేసేస్తుంది. మరి ఎడిట్ చేయని ఫొటో అంటే ఉబ్బిన ద్వారబంధమా, నిటారుగా ఉన్నదా? నిబంధన ప్రకారం చూస్తే ఉబ్బినదే అసలుది అవ్వాలి!

రంగుల సంగతీ అంతే. సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది, సగం పిక్సెళ్లు ఆకుపచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతి, నేటికీ ఎక్కువ కెమెరాల్లో నడుస్తున్నది అదే. అంటే ఇలాంటి సెన్సర్‌తో తీసిన ఏ కలర్ ఫొటోలోనైనా రంగుల విలువల్లో మూడింట రెండు వంతులు పక్క పిక్సెళ్లను చూసి లెక్కగట్టినవే.

ఫోన్ల దగ్గరికి వస్తే నాకు నవ్వొస్తుంది. ఫోన్‌లో ఒకసారి నొక్కితే చాలాసార్లు అది వరసగా కొన్ని ఫ్రేములు తీసి, కలిపేసి, నీడల్ని లేపి, ఆకాశాన్ని దించి, నాయిస్ (చీకట్లో వచ్చే చుక్కలు) తుడిచి, ముఖాన్ని గుర్తుపట్టి వెలుతురు సర్ది ఒక ఫొటో చేతిలో పెడుతుంది. మీ నిబంధన ప్రకారం అది ఎడిట్ చేయనిది. నేను ఒక్క ఫ్రేమ్ తీసి, ఇంటికొచ్చి, కిటికీ ముందు కూర్చున్న మనిషి ముఖం నల్లగా వచ్చిందని నీడల్ని ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచితే అది ఎడిట్ చేసినది. రెడీమేడ్ చొక్కా వేసుకున్నవాడిది కుట్టని బట్ట, టైలర్ దగ్గర కుట్టించుకున్నవాడిది కుట్టిన బట్ట అన్నట్టుంది.

చిన్న సెన్సర్ వాడేవాళ్లకి ఇది ఇంకా అన్యాయం. పెద్ద సెన్సర్ పట్టినంత వెలుగు నీడల తేడా మా సెన్సర్ పట్టలేదు, కాబట్టి కిటికీ అవతలి వెలుతురు తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీసి, లోపలి చీకటిని తర్వాత రా ఫైల్‌లో పైకి తెచ్చుకోవడం మాకు అలవాటు. 12 బిట్ రా ఫైల్‌లో ఒక్కో రంగుకి 4096 మెట్లు ఉంటే జేపెగ్‌లో 256 ఉంటాయి. జేపెగ్‌ని లాగితే నీడల్లో మచ్చలు మచ్చలుగా వస్తుంది, రా అయితే సాగుతుంది. మేం రా వాడేది గొప్పల కోసం కాదు, అక్కడ మా కంటికి కనిపించిన ముఖం ఫొటోలో కూడా కనిపించాలని.

దుమ్ము గురించి కూడా చెప్పాలి. అద్దం లేదు కాబట్టి ఈ కెమెరాల్లో చాలావాటికి లెన్స్ మార్చేటప్పుడు సెన్సర్ బయటికే తెరుచుకుని ఉంటుంది. కెమెరాని కిందికి వంచి పట్టుకుని గబగబా మార్చినా, బ్లోయర్‌తో ఊదినా ఎప్పుడో ఒకప్పుడు ఒక నలుసు కూర్చుంటుంది. లెన్స్ కన్ను బాగా తెరిచి ఎఫ్/1.7 దగ్గర తీస్తే జాడే ఉండదు, కన్ను చిన్నది చేసి ఎఫ్/16కి వెళ్లి ఆకాశాన్ని తీస్తే బూడిద రంగు చుక్క ఒకటి ప్రత్యక్షం. ఆ చుక్క ఆకాశంలో లేదు, నా సెన్సర్ మీద ఉంది. దాన్ని తుడిస్తే ఫొటో నిజానికి దగ్గరవుతుంది, కానీ మీ పోటీ నుంచి బయటికి పోతుంది.

అసలు మీరు దీన్ని పట్టుకునేది ఎలా? బహుశా ఎగ్జిఫ్ (ఫొటో ఫైల్‌లో దాగి ఉండే కెమెరా, లెన్స్, సాఫ్ట్‌వేర్ వివరాలు) చూస్తారు, అందులో సాఫ్ట్‌వేర్ అన్న చోట లైట్‌రూమ్ అనో డార్క్‌టేబుల్ అనో ఉంటే పక్కన పెట్టేస్తారు. ఇక్కడే పెద్ద కన్నం ఉంది. ఒలింపస్, పానసోనిక్, ఫుజీ కెమెరాలు చాలావాటిలో రా ఫైల్‌ని కెమెరాలోనే జేపెగ్ చేసుకోవచ్చు. నీడలు పెంచు, వైట్ బ్యాలెన్స్ మార్చు, ఫిల్మ్ రంగులు వేయి, అన్నీ వెనక స్క్రీన్ మీదే. బస్సులో కూర్చుని చేసేయొచ్చు. బయటికొచ్చే ఫైల్‌ని చూస్తే అచ్చం కెమెరాలో పుట్టిన జేపెగ్ లాగే ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్‌లో అదే పని అంతే మోతాదులో చేసినవాడు అవుట్! ఇక నిజంగా మోసం చేయాలనుకున్నవాడు ఎగ్జిఫ్‌ని తుడిచేస్తాడు, లేదా తనకి కావాల్సింది రాసుకుంటాడు, దానికి పెద్ద చదువేం అక్కర్లేదు. కంప్యూటర్ పుట్టించిన బొమ్మకి ఫలానా కెమెరా, ఫలానా లెన్స్ అని తగిలించడం కూడా అంతే సులువు.

మీ భయం నాకు అర్థం కాక కాదు. 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రం కోసం నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు నిలువు పేజీలో పట్టేలా గిజా పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరికి జరిపారు. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి రౌండ్‌కి ముందు దాకా వచ్చిన వాటిలో అయిదో వంతు ఫొటోలు ప్రాసెసింగ్ హద్దు దాటాయని తీసేశారు. అదే ఏడాది నవంబరులో రాయిటర్స్ తన ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్లకు రా ఫైల్‌ నుంచి తయారుచేసిన ఫొటోలు పంపొద్దనీ, కెమెరా ఇచ్చిన జేపెగ్‌లే కావాలనీ చెప్పింది. మీ నిబంధన రాసినవాళ్ల మనసులో ఇదే ఉండొచ్చు. కానీ రాయిటర్స్ కూడా క్రాప్ చేయడం, లెవెల్స్ (వెలుగు నీడల స్థాయి) సరిచేయడం లాంటి చిన్న మార్పుల్ని ఒప్పుకుంది, పైగా వాళ్లది నిమిషాల మీద వార్త పంపాల్సిన టెన్షన్. పాఠకుల పోటీకి అంత తొందరేముంది? నా మట్టుకు నాకు వరల్డ్ ప్రెస్ ఫొటో పద్ధతే నచ్చుతుంది: ఫ్రేమ్‌లో ఉన్నవాటిని తీసేయకూడదు, లేనివాటిని చేర్చకూడదు, చివరి దాకా వచ్చినవాళ్లు కెమెరా ఇచ్చిన అసలు ఫైల్ చూపించాలి. సెన్సర్ మీది దుమ్ము మచ్చ తీసుకోవడానికి అక్కడ అభ్యంతరం లేదు.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్ మీద ఉన్న అనుమానం లెన్స్ మీద ఎవరికీ ఉండదేం? దూరంగా నిలబడి పొడుగు లెన్స్‌తో తీస్తే పల్చగా ఉన్న జనం కూడా ఇసుక వేస్తే రాలనట్టు కనిపిస్తారు, అదే జనంలోకి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే ఖాళీలన్నీ బయటపడతాయి. చిన్న గదిని వైడ్ లెన్స్ హాలులా చూపిస్తుంది. ఇందులో ఎడిటింగ్ చుక్క కూడా లేదు, మీ నిబంధనకి పూర్తిగా కట్టుబడిన ఫొటోలే అవి. నీడల్ని కాస్త పెంచినవాడి కన్నా ఇక్కడే నిజానికి ఎక్కువ దెబ్బ తగలొచ్చు. అలాగని లెన్సుల మీద నిషేధం పెట్టమని అనను. బహుమతి ఫొటోల కింద ఏ లెన్స్‌తో, ఎంత ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌కి చెప్పే ఎంఎం అంకె) దగ్గర తీశారో ఒక లైన్ వేయండి. చదివేవాళ్లకి అర్థమవుతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది కూడా. 20 ఎంఎం అని ఊరికే వేస్తే చాలదు, మా సెన్సర్ మీద అది ఫుల్ ఫ్రేమ్‌లో 40 ఎంఎం లాంటిది కాబట్టి సెన్సర్ సైజు కూడా చెప్పాలి.

అన్నట్టు మీరు కూడా ఫొటోల్ని ముట్టుకోకుండా వేయరు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకుతుంది, నీడలన్నీ ముద్ద అయిపోతాయి, అందుకని మీ డెస్క్‌లో ఫొటోని కాస్త తేలిక చేసి, షార్ప్ చేసి, నాలుగు సిరాల రంగుల్లోకి మార్చి, కాలమ్‌కి సరిపడా కోసి పేజీలో పెడతారు. తప్పని ఎవరూ అనరు, అలా చేయకపోతే బొమ్మే కనిపించదు.

కాబట్టి నిబంధన ఇలా రాస్తే బాగుంటుంది: వెలుతురు, కాంట్రాస్ట్, వైట్ బ్యాలెన్స్, క్రాప్, లెన్స్ కరెక్షన్, దుమ్ము మచ్చలు, బ్లాక్ అండ్ వైట్‌గా మార్చడం, ఇవన్నీ చేసుకోవచ్చు, మనిషినో, తీగనో, మేఘాన్నో తీసేయడం, తెచ్చి పెట్టడం, రెండు ఫొటోలు అతికించడం, కంప్యూటర్‌తో బొమ్మలు పుట్టించడం కుదరదు. ఆఖరి వడపోతకి వచ్చినవాళ్ల దగ్గర రా ఫైల్ అడగండి, అది లేకపోతే అదే చోట ముందూ వెనకా తీసిన ఫ్రేములు అడగండి. ఫోన్‌తో తీసేవాళ్లు కూడా రెండోది ఇవ్వగలరు. రా ఫైల్‌ని పుట్టించడం జేపెగ్‌ని పుట్టించినంత తేలిక కాదు. లైకా 2023లో తెచ్చిన ఎం11-పి లాంటి కొన్ని కెమెరాలు ఎక్కడ పుట్టింది, తర్వాత ఏం మార్చారు అన్నది ఫొటోతోనే సంతకంలా జత చేస్తున్నాయి గానీ, అది పాఠకులందరి చేతికీ వచ్చేదాకా మీ పోటీ ఆగదు కదా.

చివరగా ఒక చిన్న ఇబ్బంది. పంపే ఫైల్ 5 ఎంబీ మించకూడదని పెట్టారు. నా చిన్న కెమెరా రా ఫైలే 15 ఎంబీ దాటుతుంది, పెద్ద సెన్సర్ వాళ్లది ఇంకా ఎక్కువ. రా ఫైల్ అడిగే పక్షంలో ఆఖరి వడపోతకి వచ్చినవాళ్లకైనా వేరే లింక్ ఇవ్వాల్సి ఉంటుంది. గడువు లోపు నిబంధన మార్చి ప్రకటిస్తే ఆ కిటికీ ముందు కూర్చున్న మనిషి ఫొటో రా ఫైల్‌తో సహా పంపిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు