మెర్జ్ సార్ట్‌లో అసలు పనంతా కలపడంలోనే

సంపాదకులకు,

మీ బెంగళూరు ఎడిషన్ యువత పేజీలో ఇంటర్వ్యూ ప్రశ్నల శీర్షిక కింద మెర్జ్ సార్ట్‌పై (జాబితాను ముక్కలుగా విడగొట్టి, తిరిగి వరుసలో కలుపుతూ సర్దే పద్ధతి) వచ్చిన వ్యాసం చదివాం. జాబితాను సగాలుగా విడగొట్టే బొమ్మకే చోటంతా సరిపోయింది. కలపడం గురించి ‘ఆపై వరుసలో కలపాలి’ అన్న ఒక్క ముక్కే ఉంది. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీ హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం కోసం తయారవుతున్న మన పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. విడగొట్టడంలో పెద్ద తెలివేమీ లేదు, ఒక్కో సంఖ్య మిగిలేదాకా మధ్యకు కోసుకుంటూ పోవడమే.

రోల్ నంబర్ల వరుసలో ఉన్న రెండు జవాబు పత్రాల కట్టలను ఒకటి చేయమంటే, పైనున్న రెండు కాగితాలే చూసి చిన్న నంబరున్నదాన్ని తీసి పక్కన పెడతాం. మెర్జ్ చేసేదీ అదే. 38, 12, 27, 5, 41, 9, 30, 16 తీసుకోండి. ముందు జంటలు కుదురుతాయి: (12, 38), (5, 27), (9, 41), (16, 30). దీనికి 4 పోలికలు. తర్వాత 5, 12, 27, 38 ఒక వైపు, 9, 16, 30, 41 ఇంకో వైపు తయారవుతాయి. ఒక్కోదానికి 3 చొప్పున 6 పోలికలు. చివరి మెర్జ్‌లో 5ను 9తో పోల్చి 5 తీస్తాం, 12ను 9తో పోల్చి 9 తీస్తాం, అలా 38 దాకా 7 పోలికలు. మిగిలిన 41ని దేనితోనూ పోల్చనక్కర్లేదు. మొత్తం 17. ఎనిమిది సంఖ్యలకు మెర్జ్ సార్ట్ ఇంతకు మించదు. ఒక్కో సంఖ్యనూ తీసి వరుసలో దాని చోట దూర్చే ఇన్సర్షన్ సార్ట్ అయితే 28 దాకా పోవచ్చు. ఎనిమిదింటి దగ్గర ఈ తేడా ఎవరికీ పట్టదు కానీ, 10 లక్షల సంఖ్యల దగ్గర మెర్జ్ సార్ట్‌కు 20 అంచెలు, కోటీ 90 లక్షల లోపు పోలికలు చాలు. ఇన్సర్షన్ సార్ట్ అధ్వాన్నమైన సందర్భంలో దాదాపు 50 వేల కోట్లు చేస్తుంది.

ఇక తప్పుల సంగతి. పైన చెప్పిన ఆ 41ని చాలా కోడ్‌లు మింగేస్తాయి. ఒక వైపు అయిపోగానే లూప్ (పోల్చి తీసే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్) ఆగుతుంది. రెండో వైపు మిగిలినవాటిని కాపీ చేసే లూప్ మర్చిపోతే ఆ గడిలో జావాలో అయితే సున్నా, సీలో అయితే ఏదో చెత్త విలువ తేలుతుంది.

రెండోది సమాన విలువలు. ఎడమది చిన్నదైనా, సమానమైనా ఎడమదే తీయాలి. ‘చిన్నదైతేనే’ అని రాస్తే సంఖ్యల జాబితాలో తేడా కనిపించదు, అందుకే ఈ తప్పు చాలాకాలం దాక్కుంటుంది. హాల్‌టికెట్ల వరుసలో ఉన్న విద్యార్థులను మార్కులను బట్టి సర్దినప్పుడు బయటపడుతుంది: ఒకే మార్కులు వచ్చినవాళ్ల హాల్‌టికెట్ వరుస తారుమారవుతుంది. సమానమైనవాటి పాత వరుస చెదరకపోవడం, అంటే స్టేబుల్ సార్ట్ అన్న గుణం ఆ ఒక్క గుర్తు మీదే నిలబడి ఉంది.

విడగొట్టే చోటా ఒక గుంత ఉంది. మొదలు నుంచి నడుమ దాకా ఒక సగం, నడుమ పక్క గడి నుంచి చివర దాకా రెండో సగం కావాలి. నడుమను రెండో సగంలో చేరిస్తే, రెండే సంఖ్యలున్నప్పుడు (గడుల లెక్క 0 నుంచి మొదలవుతుంది) నడుమ 0 అవుతుంది, రెండో సగం మళ్లీ 0 నుంచి 1 దాకా అదే జాబితా అవుతుంది. స్టాక్ (ఆ పిలుపుల గుర్తులుంచే మెమరీ) నిండి ప్రోగ్రాం కూలేదాకా రికర్షన్, అంటే కోడ్ తనను తానే పిలుచుకోవడం, ఆగదు. నడుమను మొదలు, చివర కూడి రెండుతో భాగించి కనుక్కోవడమూ ప్రమాదమే. 32 బిట్ల పూర్ణాంకం 214,74,83,647 దాటలేదు, కూడిక దాటితే రుణ సంఖ్య వస్తుంది. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో (వరుసలో ఉన్న జాబితాను సగం చేసుకుంటూ వెతికే పద్ధతి) ఈ లోపం ఏళ్ల తరబడి ఉండిపోయిందని ఆ లైబ్రరీ రూపకర్తల్లో ఒకరైన జాషువా బ్లాక్ 2006లో రాశారు. చివరలోంచి మొదలు తీసేసి, సగం చేసి, మొదలుకు కలిపితే గొడవ లేదు.

మెమరీ గురించి వ్యాసంలో మాటే లేదు. అర్రేలపై (మెమరీలో పక్కపక్కనే ఉండే గడుల వరుసలు) మామూలుగా రాసే మెర్జ్ సార్ట్‌కు జాబితా అంత అదనపు చోటు కావాలి. 10 లక్షల నాలుగు బైట్ల సంఖ్యలకు ఇంకో 40 లక్షల బైట్లు. దాన్ని మొదట్లోనే ఒక్కసారి తీసుకుని లోపలి మెర్జ్‌లన్నిటికీ అందించాలి. ప్రతి మెర్జ్‌కూ కొత్త అర్రే తీసుకుంటే 9,99,999 సార్లు తీసుకున్నట్టు. అదీ పూర్తి పొడవుతో తీసుకుంటే ఎంత మంచి అల్గారిథమైనా నత్తనడకే.

‘క్విక్ సార్ట్ వచ్చాక ఇది పరీక్షలకే పరిమితం’ అన్న వ్యాసం చివరి వాక్యంతో (క్విక్ సార్ట్ ఇంకో సర్దే పద్ధతి) మాత్రం అస్సలు ఏకీభవించలేం. జాన్ వాన్ న్యూమన్ 1945లో రూపొందించిన పద్ధతి ఇది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కోసం 2002లో టిమ్ పీటర్స్ రాసిన టిమ్‌సార్ట్ దీని మీద కట్టిందే. అప్పటికే వరుసలో ఉన్న ముక్కలను వెతికి మెర్జ్ చేస్తుంది. జావా కూడా ఆబ్జెక్టులను సర్దడానికి దాన్నే తెచ్చుకుంది. ఒక్కో గడి తర్వాతి గడి చిరునామా మోసే లింక్డ్ లిస్టుల దగ్గర గొలుసు మార్చుకుంటే చాలు గనుక అదనపు అర్రే కూడా అక్కర్లేదు. ర్యామ్‌లో పట్టని ఫైలునూ ఇదే దారిలో సర్దుతారు: 100 జీబీ ఫైలును 4 జీబీ చొప్పున 25 ముక్కలుగా విడిగా సర్ది డిస్కులో పెట్టి, ఒక్కో ముక్క నుంచి కొంచెం కొంచెం చదువుతూ కలుపుతారు.

ఈసారి కోడ్ అచ్చు వేసేటప్పుడు దాన్ని ఈ జాబితాలపై నడిపి చూపించమని మనవి: ఖాళీది, ఒక్క సంఖ్య, రెండు సంఖ్యలు, ఏడు సంఖ్యలు, పూర్తిగా తలకిందుల వరుస, ఒకే మార్కులున్న పేర్లు.

– ప్రోగ్రామింగ్ శిక్షకులు, మారతహళ్లి, బెంగళూరు