మీ సైట్లు రెండు రోజులు ఎందుకు మూతపడ్డాయంటే

అందరికీ నమస్కారం. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా మీ సైట్లు తెరుచుకోలేదు. ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పాను. ఇప్పుడు మొత్తం చెప్తాను.

మీ సైట్లన్నీ ఉండే కంప్యూటర్, అంటే మన సర్వర్లో, రెండు డిస్కులుంటాయి, రెండింట్లోనూ ఒకే డేటా. ఒకటి పోతే రెండోది ఆదుకోవాలి. మొదటిది ఎప్పుడో పోయింది, సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు పట్టించుకోలేదు. శుక్రవారం రెండోదీ పోయింది.

అవును, అద్దెకే. మీలో కొందరితో 'మా సొంత సర్వర్' అన్నాను. అమీర్‌పేటలో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, మాదాపూర్‌లో ఆరేళ్లు పరాయి కంపెనీల సైట్లు కట్టి, గుంటూరు బ్రాడీపేటలో సొంత బోర్డు పెట్టుకున్నవాణ్ణి. నేనూ అద్దెకే ఉంటున్నానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది.

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి సర్వర్‌వాళ్లకు ఫోన్ చేస్తే 'నాలుగు గంటల్లో వచ్చేస్తుంది సార్' అన్నారు. ఒంటిగంటకు చేసినా నాలుగు గంటలే. నా దగ్గరున్నది మంగళవారం రాత్రి తీసిన బ్యాకప్, అంటే అప్పటి డేటా నకలు. అది ఎక్కిస్తే తెల్లారేసరికి షాపులు తెరుచుకుంటాయి కానీ మూడు రోజుల ఆర్డర్లు ఉండవు. ఆగితే అన్నీ రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. మంగళగిరి చీరల అక్క 'పోతే పోయాయి, ముందు షాపు తెరువు తమ్ముడూ' అంది. పచ్చళ్ల బాబాయిగారు 'నా అమెరికా ఆర్డర్లు పోయాయో, నిన్ను ఊరగాయ పెడతా' అన్నారు. శనివారమంతా ఆగాను. నా బ్యాకప్ మూడు రోజుల పాతదని మీ అందరికీ చెప్పుకోలేకే ఆగాను. తప్పు నాదే.

శనివారం రాత్రి సర్వర్‌వాళ్ల కుర్రాడు తేల్చేశాడు: 'డేటా రాదు సార్. బ్యాకప్ రీసెల్లరే చూసుకోవాలి, అగ్రిమెంట్లో ఉంది.' చూశాను, ఉంది. రీసెల్లర్ అంటే అద్దెకు తెచ్చి మళ్లీ అద్దెకిచ్చేవాడు, అంటే నేనే. ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది.

వేరే చోట కొత్త సర్వర్ తీసుకుని బ్యాకప్ ఎక్కిస్తే, 'గోంగూర' ఉండాల్సిన చోట ఆరు ప్రశ్నార్థకాలు! గుండె జారిపోయింది. డేటాకేం కాలేదు, సైటు దాన్ని తెలుగు అక్షరాలే లేని లాటిన్-1 అనే పాత పద్ధతిలో అడుగుతోంది. అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8కి మార్చగానే గోంగూర తిరిగొచ్చింది. ఇన్నేళ్ల అనుభవం ఉండి, దీనికి రెండు గంటలు తిన్నాను.

ఆన్‌లైన్లో డబ్బు కట్టిన ఆర్డర్లు ఆ డబ్బు వసూలు చేసే పేమెంట్ గేట్‌వే లెక్కల్లోంచి ఏరుతున్నాను. క్యాష్ ఆన్ డెలివరీవి మాత్రం మీకొచ్చిన మెయిళ్లలోనే ఉన్నాయి. అవి తీసేయకుండా నాకు పంపండి. ఈ నెల బిల్లు ఎవరికీ లేదు. ఇకనుంచి బ్యాకప్ రోజూ రాత్రి రెండు చోట్లకు వెళ్తుంది: ఒకటి ముంబైకి, ఒకటి మా ఆఫీసు బీరువాలోని హార్డ్ డిస్క్‌కి. ప్రతి ఆదివారం ఒకసారి ఎక్కించి చూస్తాను.

పెద్ద కంపెనీకి మారిపోతామని ఇద్దరు ముగ్గురు అన్నారు. మారండి, మీ డేటా, డొమైన్ (మీ సైటు పేరు) నేనే దగ్గరుండి అప్పజెప్తాను. బోర్డు మాత్రం దించను.

పాత సర్వర్‌వాళ్లకు ఏడాది అద్దె ముందే కట్టేశాను, తిరిగివ్వరట. డిస్కులు మార్చాం, వాడుకోండని నిన్న మెసేజ్ పెట్టారు. ఖాళీగా పడుండనీ. ఒక్క ఫైలు కూడా అందులో పెట్టను.